తూపిలిపాళెం పొయ్యొచ్చిన దినం

లాడ్జీలో పదకొండేండ్లు.
వొచ్చినోళ్ళ దుప్పట్లు మార్చేదే గానీ
మేం యాడికీ పొయ్యింది లేదు.
అందుకే నెలకు వంద లెక్కన చీటీ గట్టి
నలుగురమూ ఒకే దినం సెలవు అడిగితిమి,
నేను, రెడ్డెమ్మక్క, మొగిలమ్మ,
మొన్న చేరిన సుగుణ.
మేనేజరు పైకీ కిందికీ చూసి
"సముద్రమా?" అన్నాడు,
రూము ఖాళీ లేదని చెప్పే గొంతుతోనే.

నాలుగుకు అనుకుంటే ఆరున్నర.
చెంగల్రాయుడి వ్యాను ఏర్పేడు కాడ కూలబడింది.
స్టెప్నీలో గాలి లేదు.
"ఉండాదనుకుంటిని," అన్నాడు చెంగల్రాయుడు.
ఆ మాట దినమంతా మా ఎనకాలే వొచ్చింది.

పులిహోర ఉండాదనుకుంటిమి.
డబ్బా లాడ్జీ లిఫ్టు పక్కనే కూచోనుంది.
గొడుగు ఉండాదనుకుంటిమి.
మొగిలమ్మ వాంతుల మాత్తర ఉండాదనుకుంటిమి.
నాయుడుపేట దాటేలోపల మూడుతూర్లు వ్యాను ఆపి
రోడ్డు పక్కన ఆమె నడుం పట్టుకోని నిలబడితిమి.

సముద్రం మాత్రం ఉన్నింది.

వాకాడు దాటినంక, సరుగుడు చెట్ల సందున
మొదట చప్పుడు.
"ఎవురో కొళాయి కట్టకుండా పోయినారక్కా," అనింది సుగుణ.
మేం నవ్వలే.
మాకూ అట్లే వినబడింది.
నా చెయ్యి దానంతట అదే తిప్పేదానికి లేచింది.

ఇసకలో ఒక కర్ర, కర్రకు ఎర్రగుడ్డ.
వాయుగుండమంట. నీళ్ళలోకి దిగకూడదంట.
కానిస్టేబులు పిల్లోడు మా కంటే దిగులుగా చెప్పినాడు.
"కాళ్ళన్నా?" అనింది రెడ్డెమ్మక్క.
"కాళ్ళు కూడా వద్దమ్మా."
"బొటనేలు?"
ఆయబ్బి గమ్మున అటు తిరిగి నిలబడినాడు.
ఆ రవంత సేపులోనే ఒక అల వొచ్చి
అక్క ఎడమకాలి చెప్పు ఎత్తుకోనిపోయింది.
కుడిది ఆమే ఇసిరేసింది.
"ఒకటి పెట్టుకోని అది మాత్రం ఏం జేసుకుంటాది!"

అప్పుడు వాన.
సుగుణ ఫోటోల కోసరం అడిగి తెచ్చుకున్న నల్లద్దాల మీంద,
బస్టాండు కాడ కొన్న మల్లెపూల మీంద వాన.
ఫోను ఆరిపోయేముందు ఒక్క ఫోటో పడింది:
నా మోచెయ్యి, సగం పడవ.

చేపలు వేయించే ఆదెమ్మ టార్పాలిను కింద
ఏడుగురు పట్టే చోట పద్నాలుగు మంది ముడుచుకుంటిమి.
నెత్తళ్ళు కాగితంలో పెట్టిస్తా
"మీది తిరపతా! ఎంత పుణ్యం, రోజూ కొండ," అనింది.
మేం ఎక్కి ఆరేండ్లయిందంటే నమ్మలే.
తను నీళ్ళలో దిగి ఎన్నాళ్ళయిందో లెక్కబెట్టబోయి
చేపలు మాడతాయని ఆపేసింది.

టార్పాలిను చిల్లిలోనుంచి నేను చూస్తా ఉంటిని.
తెల్లదుప్పటి పరస్తాది. అంచు లాగతాది.
ముడత పోలేదని మొత్తం లాగేసి
మళ్ళీ పరస్తాది.
మా సూపర్‌వైజరు చూసినా తప్పు పట్టలేడు.
"దీనికి వారం సెలవు లేదా?" అంటిని.
ఎవురూ పలకలే.
మొగిలమ్మ నిద్రపోతా ఉండాది, చేతిలో సగం చేప.

కాళాస్తి కాడ వాన నిలిచింది.
అప్పుడు నిలిచి ఎవురికి లాభం?
రెడ్డెమ్మక్క వట్టికాళ్ళు సీటు మీంద పెట్టుకోని
వేళ్ళ సందుల ఇసక రాలకుండా
ఇల్లు చేరేదాకా కదలకుండా కూచునింది.

తెల్లారి రెండొందల పదకొండో నంబరు.
దుప్పటి విదిలిస్తే లడ్డూ పొడి, చిల్లర, ఎవురిదో పక్కపిన్ను.
మేనేజరు తలుపు కాడ నిలబడి
"ఎట్లుండాది మీ సముద్రం?" అన్నాడు.
"నీళ్ళు బాగా వొస్తా ఉండాయి సార్,
ఇరవైనాలుగు గంటలూ."
నవ్వినాడు. నవ్వతానే
నలుగురికీ ఒక దినం జీతం కోత రాసుకున్నాడు.

లిఫ్టు పక్కన డబ్బా అట్లే ఉండాది.
మూత తీసి వాసన చూస్తిమి.
చింతపండు గదా, చెడిపోలే.
మెట్ల కింద, చీపుర్ల మధ్యన
నలుగురమూ చుట్టూ కూచోని తింటిమి.
రెడ్డెమ్మక్క ఆ దినం కూడా
చెప్పుల్లేకుండానే వొచ్చింది.